ఎవరూ పట్టని కాలు

పోయిన వారం నా కుర్చీల కూసున్న పిల్ల ఫోన్ చేసింది. నా కుర్చీ అంటే, సిద్దిపేట సర్కారు దవాఖానల ఫిజియోథెరపీ గదిల నేను రిటైరయ్యేదాక అరగదీసిన కుర్చీ. "మేడం, మోకాలు ఆపరేషనైన ఒక వాలీబాల్ పిల్ల వచ్చింది. అన్ని పరీక్షలు మంచిగ చేసింది. ఆటకు పంపాల్నా, ఇంకొన్ని దినాలు ఆపాల్నా?" అని అడిగింది. పంపు అంటే ఒక్క మాట. ఆపు అన్నా ఒక్క మాటనే. కని నాకు ఒక్క మాటల చెప్పుడు చేతగాదు, ఈ సంగతి మా ఇంట్ల ఆయనను అడిగినా చెప్తడు. "పొయ్యి మీద పాలున్నయ్, మళ్ల చేస్త" అని పెట్టేసిన. పొయ్యి మీద పాలు లేవు, ఏం లేవు. ఒక కబడ్డీ పిల్ల యాదికొచ్చింది, అందుకని పెట్టేసిన. ఆ పిల్ల సంగతి ఇప్పుడు నిమ్మలంగ రాస్తున్న. నా తర్వాత ఈ పనిలకు వచ్చిన పిల్లలు జర ఓపికతోని చదువున్రి.

మా గది వసారా ఆఖరికి ఉండె. ఒక మంచం, గోడకు ఒక గిరక, పట్టుకొని నడిచేతందుకు రెండు ఇనుప కడ్డీలు, ఒక నిలువుటద్దం. వచ్చేటోళ్లు పక్షవాతం తాకిన ముసలోళ్లు, నాట్లేసి నడుము పట్టుకున్న ఆడోళ్లు, బీడీలు చేసీ చేసీ మెడ తిరగనోళ్లు. ఆటలాడే పిల్లలు మా దిక్కు వచ్చుడు తక్కువ. దెబ్బ తాకితే పసరు రాయించుకునుడు, వాపు తగ్గంగనే మళ్ల దుంకుడు, గంతే వాళ్ల వైద్యం. అందుకని చంకల కర్రలు పెట్టుకొని చిన్నకోడూరు దిక్కుకెల్లి ఒక పిల్ల వచ్చినప్పుడు నాకు సంబురమే అయింది. ఇంటర్ అయిపోయిన వయసు, బక్కగ, కండ్లు మాత్రం ఒక్క జాగల నిలబడయి. ఎనకనే అవ్వ. బాపు భివండిల మగ్గాల మీద ఉంటడట, అవ్వ బీడీలు చేస్తది.

మంచం మీద కూసోకముందే ఆ పిల్ల అడిగిన మొదటి మాట, "మేడం, నేను ఎప్పుడు ఆడుతా?"

"ముందుగాల నడువు," అన్న.

"నడుస్త. నడిచినంక?"

జిల్లా జట్టుల కూతకు పోయే పిల్ల అది. కూత అంటే తెలుసు కద, కబడ్డీ కబడ్డీ అనుకుంట అవతలి బరిలకు పోయి ముట్టి వచ్చుడు. ఒకనాడు ప్రాక్టీసు ఆటల ఎడమ కాలు నేలకు గట్టిగ ఆనించి, ఒక్కసారి పెయ్యంత, అంటే ఒళ్లంత, తిప్పింది. పాదం కదలలే, మోకాలు మెలివడ్డది. లోపల బొక్కలను పట్టి ఉంచే లిగమెంటు టక్కుమని సప్పుడుతోని తెగింది. హైదరాబాదుల ఎముకల డాక్టరు తొడ ఎనక కండరం నార తీసి కొత్త లిగమెంటు ఏసిండు. ఏసి, "మళ్ల తెగితే మాత్రం కబడ్డీ మర్చిపో బిడ్డా" అని కూడ చెప్పి పంపిండు. గా మాట ఆ పిల్ల నాకు చెప్పలే, అవ్వ చెప్పింది, బిడ్డకు వినవడకుండ, వసారాల. "మేడం, దానికి ఆట తప్పితే ఇంకో లోకం లేదు. అది ఆడాలె, కాలు ఉండాలె. రెండూ కావాలె నాకు," అన్నది.

డాక్టరు తొమ్మిది నెలలన్న ఆటకు పోవద్దన్నడని చెప్తే, అవ్వ ముక్కు మీద ఏలేసుకున్నది. "తొమ్మిది నెలలా! దాన్ని కడుపుల మోసినన్ని నెలలు దాని మోకాలును మొయ్యాలెనా?" నాకు నవ్వాగలే. నారేసినంక ఏరు పట్టకముందే పీకి పీకి చూస్తే పంట వస్తదా అని అడిగిన. రాదన్నది. ఆనాటి సంది ఆ గదిల ఆమెనే నాకు అసిస్టెంటు. బిడ్డ తొందరపడితే నాకన్న ముందు ఆమె అరిచేది. మధ్యల మధ్యల తన మెడ నొప్పికి కూడ నా తోని వైద్యం చేయించుకునేది, అది వేరే ముచ్చట.

మీకు తెలిసిందే అయినా ఒక మాట చెప్త. మోకాలు రెండోసారి తెగేది నొప్పి ఉన్నప్పుడు గాదు. నొప్పి పోయి, మనిషికి ధైర్యం వచ్చి, మళ్ల ఆటకు పోయిన కొత్తల. బాగుచేసిన మోకాలన్న పోతది, ఇన్ని నెలలు దాని బరువు మోసిన రెండో మోకాలన్న పోతది. అందుకని తొడల బలం చాలదు, దుంకినంక ఎట్ల దిగుతుందో చూడాలె. ఆ పిల్లను అద్దం ముంగట నిలబెట్టి దుంకిచ్చేది. దిగేటప్పుడు మోకాలు లోపలికి ఒంగుతుండె. "మోకాలు లోపలికి పోతే నా చెయ్యి నీ వీపు మీదికి వస్తది" అని బెదిరిచ్చేది. అది నవ్వుకుంట మళ్ల దుంకేది. ఒంటికాలు మీద కూసుండి లేచుడు, ఒంటికాలు మీద దుంకి నిలబడుడు, ఉరుక్కుంట ఉరుక్కుంట ఆగుడు, తిరుగుడు. పక్షవాతం ముసలోళ్లు కడ్డీల మధ్యల నిలబడి దాన్నే చూసేది. ఒక తాత అయితే అది దుంకినప్పుడల్ల "శెభాష్" అనేది. ఆయన కాలు ఎత్తుమంటే మాత్రం ఎత్తకపోయేది.

కోచ్ సారు ఆడపిల్లల బళ్లె పీఈటీ. వారం వారం ఫోన్ చేసేది. "డాక్టరమ్మా, మా ఇంజన్ ఎప్పుడు పంపుతరు?"

"నేను డాక్టరమ్మను గాదు, మీది ఇంజన్ గాదు. అది పిల్ల. నేను చెప్పేదాక అడగొద్దు."

"సరే డాక్టరమ్మా. మళ్ల సోమవారం అడుగుత."

నెలలు నిండినయ్. రెండు కాళ్ల బలం సమానమయింది, దుంకుడు దిగుడు మంచిగయింది. డాక్టరు చూసి సరే అన్నడు. నేను ప్రాక్టీసుకు పంపిన, మ్యాచులకు ఇప్పుడే వద్దన్న. కొద్ది దినాలల్ల జిల్లా జట్టు సెలక్షన్లు ఉండె, అది వాటి మీదనే పానం పెట్టుకున్నది.

ఆటకు పంపి గదిల కూసుండుడు నాకు నచ్చదు. సాయంత్రం డ్యూటీ అయినంక గ్రౌండుకు పోయిన. నీళ్లు చల్లి సదును చేసిన మట్టి బరి, సున్నం గీతలు. గోడ పక్కన నాకు ప్లాస్టిక్ కుర్చీ ఏసిన్రు. ఆట మొదలయ్యే ముందు పిల్లలందరు వరుసగ వచ్చి దాని ఎడమ మోకాలు ముట్టి కండ్లకద్దుకున్నరు. "ఇదేందే? మోకాలా, గుడి గడపా?" అన్న. "మళ్ల ఏం గావద్దని మేడం" అన్నరు. అవ్వ కూడ ఆ కాలి మడిమె మీద మందంగ నల్లదారం కట్టి పెట్టింది, దిష్టి తాకద్దని. నాకు ముద్దనిపిచ్చింది. ఎంత పావురం, ఎంత ప్రేమ ఈ పిల్లలకు!

అది కూతకు పోతుంటే చూడాలె. ఇటు ఉరికినట్టు చేసి అటు ముట్టుడు, గీత దాటి వచ్చి నవ్వుడు. సారు మీసం తిప్పిండు. నేను కూడ ఖుషీగ ఇంటికి పోయిన.

రెండోసారి పోయినప్పుడు ఏదో తేడా కొట్టింది. ఏందో తెలువలే. మూడోసారి ఆ పిల్లను చూసుడు బందు జేసి, ఎదుటోళ్ల చేతులు చూసిన. అప్పుడు దొరికింది. కుడి కాలు ముందుకొస్తే చేతులు ముందుకొస్తున్నయ్. నడుము దొరికితే నడుము పడుతున్నరు. ఎడమ కాలు వచ్చిందంటే మాత్రం చేతులు ఎనకకు పోతున్నయ్. నిప్పు ముట్టినట్టు ఎనకకు పోతున్నయ్. ఆ కాలును ఇన్ని దినాలల్ల ఒక్కరంటే ఒక్కరు పట్టలే.

ఆట ఆపి దాన్ని పిలిచిన. "బిడ్డా, నీ ఎడమ కాలు ఎవ్వలన్న పట్టిన్రా?"

"పట్టరు మేడం," అని పండ్లు ఇకిలిచ్చింది. "అందుకే దాన్నే ముంగట పెడుతున్న. నిలువుగ చాపి ముట్టేస్తున్న. పాయింట్లు పుక్కటికి వస్తున్నయ్!"

అన్ని నెలలు అద్దం ముంగట నేర్పిందేంది? మోకాలు ఒంచి ఉంచు, బరువు నడుముల ఉంచు. ఇది ఇక్కడ ఏం నేర్చుకున్నది? ఆపరేషనైన కాలును కట్టె లెక్క చాపి ఎదుటోళ్ల నోటికాడ పెట్టుడు. ఊరి పిల్లలు పావురంతోని ఇడిచిపెడుతున్నరు. రేపు వేరే జిల్లా పిల్ల ఎందుకు ఇడుస్తది? పైకెల్లి ఆ నల్లదారం ఒకటి, ఏ కాలు పట్టాల్నో అడ్రస్ చెప్తున్నట్టు. గట్ల చాపిన కాలును తెలువనోళ్లు గుంజి పట్టి, ఇది భయపడి తిరిగిందంటే, మళ్ల అదే సప్పుడు.

"సారూ, ఈ కాలు పట్టిపిచ్చేదాక ఈ పిల్ల సెలక్షన్లకు పోదు," అన్న.

సారుకు కోపమొచ్చింది. "ఇన్ని దినాలు ఆపి, ఇప్పుడు మళ్ల ఆపుడేంది డాక్టరమ్మా?"

"మంచిగ పడుడు నేర్వాలె సార్. పట్టు పడ్డంక ఏం చెయ్యాల్నో దాని పెయ్యికి తెలువాలె. మెల్లగ మొదలుపెట్టి గట్టి పట్టు దాక."

సారు పిల్లలను పిలిచి అడిగిండు. అందరు మట్టి దిక్కు చూసిన్రు. "మా అమ్మ కొడ్తది సార్" అన్నది ఒకామె. ఇంకొకామె పట్టింది గని, పట్టంగనే ఇడిచి ఏడ్సింది. నేనే గదిల కొన్నిసార్లు పట్టి చూసిన, లాభం లేదు. నా చెయ్యి అంటే దానికి నమ్మకం, భయం రాదు. పాయింటు కోసం పట్టే చెయ్యి కావాలె.

అప్పుడు మా కూత పిల్లనే మెల్లగ అన్నది, "అదైతే పడుతది."

అది అంటే ఎవరో సారుకు తెలుసు, నాకు ఆనాడే తెలిసింది. బరి మూలకు నిలబడి కాళ్లు పట్టే పిల్ల, తొగుట దిక్కుది. దీనికి పానదోస్తు, ఇద్దరు ఒక్క కంచంల తిన్నోళ్లు. ఆ మోకాలు తెగినప్పుడు కాలు ఆ దోస్తు చేతులల్లనే ఉన్నది. ఆమె తప్పు ఏం లేదు, నియమం ప్రకారమే పట్టింది. కని దవాఖానల అవ్వ ఆగమాగమై, నలుగురి ముంగట, "నా బిడ్డ కాలు తెంపినవ్ కదనే" అన్నది. ఆ మాట పడ్డంక దోస్తు మళ్ల బరి ముఖం చూడలే. సిద్దిపేటల చీరెల దుకాణంల పనికి కుదిరింది. ఇద్దరికీ మాటల్లేవు.

తెల్లారి అవ్వ వచ్చినప్పుడు సంగతంత చెప్పిన. నొప్పి మెడ మీద పెట్టుకున్న ఆమె చెయ్యి అట్లనే ఆగింది.

"ఆ పిల్లనా మేడం?"

"ఆ పిల్లనే."

"ఏ మొఖం పెట్టుకొని పోవాలె?"

"ఉన్న మొఖమే పెట్టుకొని పోదాం, నడువు," అన్న. నాకు ఓపిక తక్కువ.

పగటి పూట దుకాణం ఖాళీగనే ఉండె. దోస్తు పరిచిన చీరెలు మడతపెడుతుంది. చేతులు పెద్దయి, మణికట్లు గట్టియి, చూస్తేనే తెలుస్తది. మమ్ముల చూసి చీరెల దిక్కు తల ఒంచింది. అవ్వ చెప్పులిడిచి ఎక్కి, ఎదురుంగ కూసున్నది. ఒకామె చీరె బేరం చేసి పోయేదాక ఆగింది.

"బిడ్డా," అన్నది ఆఖరికి. "ఆనాడు నాకు మతి లేకుండె. అనరాని మాటన్న. నువ్వు దాని కాలు తెంపలే. ఆ మాట ఎనకకు తీసుకుంటున్న."

దోస్తు మడతపెట్టిన చీరెనే మళ్ల ఇప్పి మడతపెట్టింది. "అయిపోయింది చిన్నమ్మా, ఇడిచిపెట్టు."

"అయిపోలే. నా బిడ్డ ఆడాలంటే దాని కాలు ఎవలన్న పట్టాలెనట. ఎవ్వలు పట్టరట. నువ్వే పట్టాలె."

ఆ పిల్ల చీరెను పక్కకు పెట్టింది. "నా తోని గాదు. టక్కుమన్న సప్పుడు మీకందరికి చెవులల్ల ఇనవడ్డది. నాకు చేతులల్ల ఇనవడ్డది. చీరె గుంజి మడతపెట్టినా అదే యాదికొస్తది." నా దిక్కు తిరిగి, "మళ్ల తెగితే మేడం?" అని అడిగింది.

తెగదు అని నేను చెప్పలే. అట్ల చెప్పే మొనగాడు ఎవ్వడు లేడు. "తెగకుండ ఎట్ల పట్టాల్నో, ఎట్ల పడాల్నో ఇద్దరికీ నేర్పుడు నా పని. ఎప్పుడు ఆపమంటే అప్పుడు ఆపాలె," అన్న.

అవ్వ ముందుకు జరిగి ఆ పిల్ల రెండు చేతులు పట్టుకున్నది. "ఒకవేళ తెగినా, నా నోట్లెకెల్లి నీ పేరు రాదు. దేవుని మీద ఒట్టు. దాని కాలు నీ చేతులల్ల పెడుతున్న బిడ్డా, నమ్మి పెడుతున్న."

ఇద్దరు ఏడ్సిన్రు. దుకాణం సేటు లోపలికెల్లి వచ్చి, "ఏమైందమ్మా, రంగు పోయిందా?" అని అడిగిండు. చీరె గురించి అనుకున్నడు పాపం. అందరం నవ్వినం.

ఆదివారం దోస్తు మా గదికి వచ్చింది. ఇద్దరు దోస్తులు చెరొక మూలకు నిలబడ్డరు. నేనే తిట్టి మొదలుపెట్టిచ్చిన. ముందు నిలబడ్డ కాలును ఉత్తగ పట్టుడు. తర్వాత మెల్లగ గుంజుడు. కాలు దొరికిందంటే మోకాలు ఒంచాలె, నడుము కిందికి దించాలె, చిన్న చిన్న అడుగులతోని గీత దిక్కు జరగాలె. పాదం నేలకు ఆనిచ్చి పెయ్యి తిప్పొద్దు. అన్నిటికన్న కష్టమైన పాఠం ఒకటి. "పట్టు గట్టిగ పడ్డదా, పాయింటు పోనియ్యి. ఔటయితే మళ్ల లేస్తవ్. మెలిపెట్టినవంటే లేవవ్." ఓడిపోవుడు నేర్పుడు ఎంత కష్టమో ఆ దినాలల్ల తెలిసింది నాకు. ఆ పిల్ల రక్తంలనే లేదు అది. దోస్తు పని ఒకటే. పట్టుడు, ఇడిచి "నొప్పయిందా?" అనుడు. "నువ్వు అడుగుడే నొప్పి" అని ఇది కస్సుమన్నది. అదే వాళ్లు మాట్లాడుకున్న మొదటి మాట. నాకు పానం లేచొచ్చింది.

గ్రౌండుల నిజంగ పట్టే దినం వచ్చింది. పూర్తి వేగం, పూర్తి బలం. సారు మీసం ముట్టకుండ నిలబడ్డడు. మోకాలు మొక్కేతందుకు వచ్చిన పిల్లలను నేను గదిమి పంపిన. అవ్వ వచ్చి నల్లదారం ఇప్పింది. తెంపుతదనుకున్న. తెంపలే, ముడి ఇప్పి బిడ్డ చేతికి కట్టింది. "దిష్టి చేతికి కూడ తాకుతది మేడం" అన్నది. సరే తల్లీ అన్న.

కూత మొదలయింది. ఇది రెండుసార్లు అటిటు తిరిగి ఎడమ కాలు పెట్టింది, మోకాలు ఒంచే పెట్టింది. మూల మీది దోస్తు ఎగిరి పట్టింది. అబ్బ, ఏం పట్టు అది! కూత ఆగింది. ఇద్దరు దుమ్ముల పడ్డరు. బరి చుట్టు ఉన్నోళ్లందరం ఊపిరి బిగవట్టి ఆ సప్పుడు కోసం చెవులు పెట్టినం.

ఏ సప్పుడు రాలే. దుమ్ములకెల్లి ఇది అన్నది, "లే, నా మీదికెల్లి లే. ఎంత బరువైనవే, చీరెలమ్మి బలిసినవ్."

దోస్తు లేవలే. ఆ కాలును అట్లనే రెండు చేతులతోని పట్టుకొని, దాని మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్సింది. సారు అటు తిరిగి కండ్లద్దాలు తుడుసుకున్నడు. ఆ సాయంత్రం ఆ కాలును అందరు పట్టిన్రు, అప్పుడు పట్టంగనే ఇడిచి ఏడ్సిన పిల్ల కూడ పట్టింది.

సెలక్షన్ల పాసైంది. ఆ ఏడు రాష్ట్ర పోటీలు మా సిద్దిపేటలనే పెట్టిన్రు. నేను, అవ్వ మెట్ల మీద కూసున్నం. దోస్తు ఇంకా జట్టుల లేదు, గీత పక్కన నీళ్ల సీసాలు పట్టుకొని నిలబడ్డది.

వాలీబాల్ పిల్ల గురించి అడిగినవ్ కద బిడ్డా, పాలు కాగినయ్, ఇప్పుడు చెప్త. పరీక్షలన్ని చెయ్యి, ఒక్కటి ఇడువకు. అయినంక ఆ గది తలుపేసి గ్రౌండుకు పో. చుట్టు ఉన్నోళ్లు ఆ మోకాలును ఎట్ల చూస్తున్నరో చూడు. దానికి ఎవ్వలు బంతి గట్టిగ కొడ్తలేరా, నెట్ దగ్గర పక్కకు జరిగి జాగ ఇస్తున్నరా? అయితే ఇంకా పంపకు. కొట్టేటోళ్లను దేవులాడు. ఆ పని ఒక్కదానితోని అయ్యేది గాదు. నాకు ఒక బీడీల అవ్వ, ఒక చీరెల దుకాణం పిల్ల దొరికిన్రు. వాళ్లకు నేను ఎన్ని దండాలు పెట్టినా తక్కువనే.

ఆ రాష్ట్ర పోటీలల్ల ఒక మ్యాచుల, సగం ఆట అయినంక, నేను భయపడ్డదే అయింది. ఎదుటి జట్టుల బలంగ ఉన్న ఒక దుక్క పిల్ల మూలకెల్లి దుంకి మా దాని ఎడమ కాలు పట్టింది. ఇంకో ఇద్దరు వచ్చి మీద పడ్డరు. అవ్వ కండ్లు మూసుకోలే, రెండు చెవులు మూసుకున్నది. గీత చేతికి అందేటంత దూరంల ఉండె. ఎనకటి పిల్ల అయితే తిరిగి, మెలిపెట్టి, గుంజుకునేది. ఇది మోకాలు ఒంచింది, నడుము దించింది, నేల మీద కూసున్నట్టు కూలవడ్డది. గీతకు చెయ్యి చాపలే, పాయింటు పోనిచ్చింది.

రిఫరీ సీటీ కొట్టిండు. మా దిక్కు జనమంత "అయ్యో" అన్నరు. అది లేచి, రెండు కాళ్ల మీద నడుసుకుంట, ఔటైనోళ్లు కూసునే జాగకు పోయింది. గీత పక్కన దోస్తు తన చేతులు చూసుకొని, చూసుకొని, ముఖానికి అద్దుకున్నది.

అవ్వ చెవుల మీదికెల్లి చేతులు తీసి నన్ను అడిగింది, "ఔటయిందా మేడం?"

"అయింది."

"నడుసుకుంటనే పోయింది కద?"

"నడుసుకుంటనే పోయింది."

అవ్వ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. మెట్ల మీది జనమంత తిరిగి చూసిన్రు. సొంత బిడ్డ ఔటయితే ఇంత సంబురపడే తల్లిని వాళ్లు ఎన్నడు చూసి ఉండరు. నేను కూడ లేచి, అరచేతులు మండేదాక కొట్టిన.